పెంచిన కుక్కకు మరో ఇల్లు



ఇంట్లో పెంచుకున్న కుక్కను ఇక ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఏం చెయ్యాలన్నది ఈవేళ మన విషయం.

మండవల్లి చుట్టుపక్కల, ఇటు ముదినేపల్లి నుంచి అటు కైకలూరు, ఆకివీడు దాకా ఈ ప్రశ్న ఎదురుకాని వీధి అంటూ లేదు. పిల్లలు ఉద్యోగాలకని హైదరాబాదు, బెంగళూరు, అమెరికా వెళ్లిపోతారు. వయసు మీదపడ్డాక పెద్దవాళ్లూ వాళ్ల దగ్గరికే చేరతారు. ఇంటికి తాళం పడుతుంది, వాకిట్లో కుక్క మిగిలిపోతుంది. ఇంకో ఇంట్లో పురుడు పోసుకుని కూతురు పసిబిడ్డతో వస్తుంది, కుక్క వెంట్రుకలు బిడ్డకు పడవని ఎవరో అంటారు. మరో ఇంట్లో ఆడకుక్క మూడో ఈత ఈనుతుంది, ఇన్ని పిల్లల్ని ఎవరు సాకుతారని ఇల్లాలు తల పట్టుకుంటుంది.

అప్పుడు చాలామంది చేసే పని మీకూ తెలుసు. పొద్దుపోయాక ఆటోలో ఎక్కించి సంత దగ్గరో, హైవే పక్కన దాబా దగ్గరో దించేసి వస్తారు. పిల్లలైతే గోనెసంచి. కొందరు 'వీధిలోవాళ్లు పెడతార్లే' అని తాళం వేసుకుని వెళ్లిపోతారు. కాస్త మనసు ఒప్పనివాళ్లు పట్నంలో కుక్కల షెల్టర్ ఎక్కడుందో కనుక్కుంటారు. వీటన్నిటికంటే మేలైన దారి ఒకటుంది. ఆ కుక్కకు మరో ఇల్లు వెతికి, స్వయంగా అప్పజెప్పి రావడం. కుక్కను పెంచడంలో అదీ ఒక భాగమే, చివరి భాగం. అది పూర్తి చెయ్యనిదే మన పెంపకం పూర్తి కాదని నా నమ్మకం.

మన ప్రాంతంలో కుక్క బతుకు చాలావరకు చెరువు గట్టు మీదే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ కొల్లేటి పల్లంలో చేపల చెరువు లేని ఊరు అరుదు. మేత బస్తాలు పెట్టిన పాక, పాక ముందు నులకమంచం, మంచం కింద కుక్క. ఏ గట్టెక్కినా ఇదే కనిపిస్తుంది. రాత్రిపూట ఎవరైనా వల పట్టుకుని వస్తే ముందు పసిగట్టేది అదే. నీటికుక్కలు చెరువులో దిగితే మొరిగి మనిషిని లేపేదీ అదే. కాపలా మనిషి కంచంలోంచే దానికీ ఒక ముద్ద. పట్టుబడి రోజున వలలోంచి జారిన చిన్న చేప దాని వాటా.

లీజు ముగిసిన రోజున ఆ గట్టు మీద నిలబడి చూడండి. ఏరియేటర్లు, డీజిల్ ఇంజను, పైపులు, వలలు, మిగిలిన మేత, అన్నీ లెక్కపెట్టి లారీ ఎక్కిస్తారు. కుక్క ఆ లెక్కలోకి రాదు. లారీ వెనకాల కొంతదూరం పరుగెత్తి, రొప్పుతూ నిలబడి, మళ్లీ ఆ ఖాళీ పాక దగ్గరికే వచ్చి పడుకుంటుంది. కొత్త లీజుదారుకు తన కాపలా మనిషి ఉంటాడు, ఆ మనిషికి తన కుక్క ఉంటుంది. పాతది రెండు గట్ల మధ్య తిరుగుతూ చిక్కిపోతుంది. దాన్ని తమతో తీసుకెళ్లడమో, కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పి అప్పగించడమో చెయ్యడానికి పట్టేది ఒక్క పూట.

అలా వదిలేసిన కుక్కవల్ల కష్టం దానికొక్కదానికే కాదు. కొల్లేటిని 1999లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. నేల మీదా తుంగలోనూ గుడ్లు పెట్టుకునే పక్షులు ఈ సరస్సులో చాలా ఉన్నాయి. పెట్టే చెయ్యి లేని కుక్క ఆకలికి ఆ గుడ్లమీదా పిల్లలమీదా పడుతుంది. తరవాత గొర్రెలమీద, కోళ్లమీద. చివరికి రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ బడికెళ్లే పిల్లల వెంట. అప్పుడు ఊరంతా దాన్ని శత్రువుగా చూస్తుంది. నిన్నటిదాకా అది ఒకరింటి కుక్కే.

ఊరికి కోపం వస్తే ఏమవుతుందో మన జిల్లాలోనే చూశాం. 2021 జులైలో, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, ఇప్పుడు మన ఏలూరు జిల్లాలో ఉన్న లింగపాలెంలో వందల కొద్దీ వీధికుక్కలను చంపి పాతిపెట్టారని ఫిర్యాదు వచ్చింది, పోలీసు కేసు నమోదైంది. దేశమంతా ఆ వార్త చదివింది. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువును విషం పెట్టి గానీ మరోవిధంగా గానీ చంపితే అయిదేళ్ల దాకా జైలు. ఆకలికీ దాహానికీ మలమల మాడేలా జంతువును వదిలెయ్యడం కూడా నేరమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ఆ మాట స్పష్టంగా చెబుతోంది. మొదటిసారి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలే. జరిమానా చిన్నదని తప్పు చిన్నదైపోదు.

ఈ మధ్య సుప్రీంకోర్టు ఉత్తర్వులతో ఈ విషయం ప్రతి ఊరి ముంగిటికీ వచ్చింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతంలోని వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. కు.ని. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలనీ, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ మాత్రం వదలకూడదనీ చెప్పింది. ఆ విచారణను అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. వీధికుక్కను దత్తత తీసుకోదలచినవాళ్లు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, తీసుకున్నాక అది మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్లదేననీ అదే ఉత్తర్వులో ఉంది. ఆ తరవాత నవంబరు 7న బళ్లు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న కుక్కలను తీసి షెల్టర్లలో ఉంచాలనీ, వాటిని తిరిగి అక్కడ వదలకూడదనీ ఆదేశించింది.

మనం ఎవరికీ చెప్పకుండా దించేసి వచ్చే కుక్క సరిగ్గా ఆ చోట్లకే చేరుతుంది. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ ముక్క దొరుకుతుంది, బడిలో మధ్యాహ్న భోజనం ఎంగిలి దొరుకుతుంది, ఆసుపత్రి వెనక నీడ దొరుకుతుంది. కాబట్టి ఈవేళ రోడ్డున వదిలిన కుక్క రేపు షెల్టర్ బోనులో ఉండే కుక్క.

షెల్టర్లు నడిపేవాళ్ల సేవను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. లండన్‌లో 1860లో మేరీ టీల్బీ అనే ఆవిడ దిక్కులేని కుక్కలకని ఒక ఇల్లు పెట్టింది. అదే తరవాత బాటర్సీకి మారి పేరుపొందింది. మనవైపు 1959లో మద్రాసులో కెప్టెన్ సుందరం బ్లూక్రాస్ మొదలుపెట్టారు. 1992లో అక్కినేని అమల హైదరాబాదులో బ్లూక్రాస్ స్థాపించారు. 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ జంతు సంరక్షణ సంస్థ పెట్టారు. కాలు విరిగినవి, పురుగు పట్టిన గాయంతో మూలుగుతున్నవి, తల్లి లారీ కింద పడగా మిగిలిన పిల్లలు, ఇలా ఎవరూ లేనివాటికోసం పుట్టిన చోట్లు అవి. అక్కడున్న చోటు పరిమితం. ఆరోగ్యంగా, ఇంటి అన్నం తిని పెరిగిన మన కుక్కను అక్కడ దించితే నిజంగా దిక్కులేని మరో కుక్కకు చోటు పోయినట్టే.

పైగా ఇంటి కుక్కకు ఆ చోటు గండమే. ఒక్క మనిషి గొంతుకు అలవాటుపడిన జంతువు పగలూ రాత్రీ మొరుగుళ్ల మధ్య పడుతుంది. చాలా కుక్కలు అన్నం మానేస్తాయి. నెత్తురు విరేచనాలు పట్టించే పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు గుంపులో వేగంగా పాకుతాయి. టీకాలు లేని కుక్కపిల్ల వాటికి తట్టుకోవడం కష్టం.

మరి ఇల్లు దొరుకుతుందా? వెతికితే దొరుకుతుంది. మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారి సంగతి చెబుతాను. దంపతులిద్దరూ హైదరాబాదులో కూతురి దగ్గరికి వెళ్లడం ఖాయమైంది. వాళ్ల కుక్క గోధుమరంగు నాటుది, పేరు టైగర్. ప్రయాణానికి రెండు నెలల ముందే మాస్టారు పాలు పోసే అబ్బాయికి, మందుల షాపాయనకి, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుకి చెప్పిపెట్టారు. పాలబ్బాయి తన బావమరిదిని తీసుకొచ్చాడు. ముదినేపల్లి వైపు గేదెలు, కొబ్బరితోట ఉన్న మనిషి. మాస్టారు వయసెంత, టీకా ఎప్పుడు వేయించారు అనే వివరాలన్నీ చెబుతుంటే గుమ్మంలో నిలబడ్డ అమ్మగారు ఒకే ప్రశ్న అడిగారు.

'రాత్రిళ్లు దాన్ని ఎక్కడ పడుకోబెడతావు బాబూ?'

'గేదెల పాకలోనండి, గడ్డి పరుస్తాం.'

'ఉరుములంటే దానికి భయం. ఉరిమితే మంచం కిందకి దూరుతుంది. పాకలో ఒంటరిగా ఉండలేదు.'

ఆ మనిషి ఒక్క క్షణం ఆలోచించి, 'అయితే వసారాలో కట్టుకుంటామండి, మా అమ్మ పడుకునేదీ అక్కడే' అన్నాడు. అమ్మగారు సరేనన్నారు.

కుక్కను ఇవ్వడానికి ముందు మాస్టారు ఆ ఇల్లు చూసి వచ్చారు. అప్పగించిన రోజున దాని సత్తు గిన్నె, అది పడుకునే గోనెపట్టా ఉతక్కుండా అలాగే పంపారు. టీకాల కార్డు ఇచ్చారు. ఒక తెల్లకాగితం మీద ఏం తింటుంది, దేనికి భయపడుతుంది, కోతుల్ని చూస్తే గొలుసు తెంపుకుంటుంది అన్నీ రాసి, కింద తన ఫోను నంబరు వేసి, 'ఎప్పుడు కుదరకపోయినా ముందు నాకు చెప్పండి, ఎవరికీ ఇవ్వకండి' అన్నారు. మొదటి రోజు అది గిన్నె వంక చూడలేదు. మర్నాడు సాయంత్రం ఆ ఇంటి ముసలమ్మ చేపల పులుసు కలిపిన అన్నం ముద్ద చేసి అరచేతిలో పెడితే తిన్నది. ఇప్పుడు ఆవిడ రేవుకి వెళ్తే వెనకే వెళ్తుంది.

ఈ మాస్టారు చేసినవే ఎవరైనా చెయ్యగలిగిన పనులు. వాటిని వరసగా చెబుతాను, కాస్త గుర్తుపెట్టుకోండి.

ముందుగా, ఇవ్వక తప్పని కారణమేనా అని ఆలోచించండి. గజ్జి పట్టిందని, పిడుదులు రాలుతున్నాయని వదిలేస్తున్నారా? అవి మందుతో తగ్గేవి. పిల్లలు పెడుతోందనా? ఆపరేషన్ చేయిస్తే ఆ బాధ ఉండదు. పసిబిడ్డ వచ్చిందనా? టీకాలు వేయించి, శుభ్రంగా ఉంచి, బిడ్డ దగ్గర ఒంటరిగా వదలకుండా చూసుకుంటే చాలా ఇళ్లలో కుక్కా బిడ్డా కలిసే పెరుగుతున్నారు. పశువుల డాక్టరును ఒకసారి అడిగితే సగం కుక్కలు ఉన్న ఇంట్లోనే ఉండిపోతాయి.

ఇవ్వక తప్పదనుకుంటే, తొందర పడకుండా నెలా రెండు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. తెలిసినవాళ్లలోనే వెతకండి. చుట్టాలు, పాలవాళ్లు, కొబ్బరితోటల వాళ్లు, కోళ్లఫారాల వాళ్లు, చేపల చెరువుల వాళ్లు, అందరికీ కాపలాకు మంచి కుక్క కావాలి. 'ఊరికే ఇస్తాం, ఎవరైనా పట్టుకెళ్లండి' అని ఫోనులో ఊరంతా పెట్టకండి. జాతి కుక్కయితే మరీ జాగ్రత్త. పిల్లలు పెట్టించి అమ్ముకోవడానికి తీసుకెళ్లేవాళ్లుంటారు. ఆపరేషన్ చేయించి ఇస్తే అలాంటివాళ్లు దగ్గరికి రారు.

ఇల్లు మీరే వెళ్లి చూడండి. పగలంతా పొట్టి గొలుసుతో కట్టేస్తారా, నీడ ఉందా, అన్నం పెట్టేది ఎవరు, ఇంట్లో ఆడవాళ్లకు ఇష్టమేనా, వానాకాలంలో నీళ్లు వస్తే మెరక చోటు ఉందా, ఇవి అడగండి. చివరి ప్రశ్న మన కొల్లేటి వాళ్లకు ముఖ్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి మండవల్లి, కైకలూరు మండలాల లంక గ్రామాల దారులు మునిగినప్పుడు కట్టేసి ఉన్న జంతువుకు ఎంత ప్రమాదమో మనకు తెలిసింది. వరద హెచ్చరిక వస్తే ముందు గొలుసు విప్పాలని కొత్త యజమానికి తప్పక చెప్పండి.

కుక్క గుణం దాచకండి. కరిచే అలవాటుంటే కరుస్తుందనే చెప్పండి. పిల్లలున్న ఇంటికి అలాంటిదాన్ని అబద్ధం చెప్పి ఇస్తే దానికీ, ఆ ఇంటికీ అన్యాయం చేసినట్టే.

కుక్కపిల్లలను ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తియ్యకండి. కళ్లు తెరిచీ తెరవని పిల్లను తెచ్చి పాలసీసా పట్టి బతికించుకోవచ్చనుకుంటే చాలావరకు బతకదు.

ఇక రేబిస్. కుక్కంటే జనానికి ఉన్న భయంలో న్యాయం ఉంది. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా బతుకు లేదనే చెప్పాలి. అందుకే టీకా లేని కుక్కను ఎవరికీ ఇవ్వకండి, ఎవరి దగ్గరా తీసుకోకండి. మూడో నెలలో టీకా, తరవాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు, ఆపైన ఏటేటా. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు గుర్తుగా జులై 6ను జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినంగా జరుపుతారు. ఆ రోజున మన రాష్ట్రంలో పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు. ఎక్కడైనా కుక్క కరిస్తే పసర్లు, కారం, సున్నం పెట్టకండి. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

తీసుకునేవాళ్లకూ ఒక మాట. కొత్త ఇంటికి వచ్చిన కుక్కకు మొదటి మూడు రోజులూ బెదురు, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇల్లు తనదవుతుంది. కుక్కల్ని సాకేవాళ్లు వేసే లెక్క ఇది. మొదటి రెండు వారాలు విడిచిపెట్టకండి. పాత ఇల్లు వెతుక్కుంటూ పరుగెడుతుంది, పామర్రు హైవే మీద లారీలు ఆగవు. పాత ఇంట్లో తిన్న తిండే కొన్నాళ్లు పెట్టండి. ఆరోగ్యంగా ఉంటే పదేళ్లకు పైగా బతికే ప్రాణి. పదేళ్లు పెట్టగలమనుకుంటేనే తెచ్చుకోండి.

డబ్బు పోసి హస్కీలనీ సెయింట్ బెర్నార్డులనీ కొనే ముందు మన ఎండలు గుర్తుచేసుకోండి. మంచుదేశాల బొచ్చుకుక్కకు మే నెల మండవల్లి నరకం. దోషం దానిది కాదు, దాన్ని తెచ్చినవాళ్లది. మన నాటుకుక్కకు ఈ ఎండ తెలుసు, ఈ బురద తెలుసు. తెలుగునేలకు తనదైన కాపలా కుక్క కూడా ఉంది, కర్నూలు జిల్లా పందికోన కుక్క. హైదరాబాదు నగరపాలక సంస్థ 2025 ఆగస్టులో జలగం వెంగళరావు పార్కులో నాటుకుక్క పిల్లల దత్తత మేళా పెట్టింది. మహానగరంలో జరిగిన పని పంచాయతీల్లో జరగకపోవడానికి కారణం లేదు. పశువుల డాక్టరు, సర్పంచి, హైస్కూలు మాస్టారు కలిసి ఒక ఆదివారం పెట్టుకుంటే చాలు.

ఆదికవి నన్నయ తెలుగు చేసిన భారతంలో, ఆదిపర్వం మొదట్లోనే ఒక తల్లికుక్క వస్తుంది. జనమేజయుడి యాగం దగ్గరికి ఆడుకుంటూ వచ్చిన కుక్కపిల్లను, ఏ తప్పూ చెయ్యకపోయినా, రాజు తమ్ముళ్లు కొడతారు. తల్లి సరమ వచ్చి సాక్షాత్తూ రాజునే నిలదీస్తుంది. తగునా తగదా అని చూడకుండా దిక్కులేనివాళ్లకు కీడు చేస్తే అనుకోని భయాలు చుట్టుకుంటాయని చెప్పి వెళ్తుంది. తెలుగు సాహిత్యానికి తొలి పుటల్లోనే, ఈ గోదావరి ఒడ్డునే, ఒక మూగజీవి తరఫున న్యాయం అడిగారు మన పెద్దలు.

శ్రోతలారా, మీకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో ఉన్న కుక్కను ఇక ఉంచుకోలేకపోతే దానికి ఇల్లు చూడకుండా మీరు ఇల్లు వదలకండి. చెరువు లీజు ముగిస్తే సామానుతోపాటు కుక్క సంగతీ తేల్చుకుని గట్టు దిగండి. చోటూ, ఓపికా ఉన్నవాళ్లు మీ ఊరి బస్టాండులోనో, బడి దగ్గరో తిరుగుతున్న ఒక కుక్కకు టీకా వేయించి ఇంటికి తెచ్చుకోండి. ఒక్కో ఊరు నాలుగు కుక్కలకు నాలుగు గడపలు చూపించగలిగితే షెల్టర్‌కు పంపవలసినవి చాలా తగ్గిపోతాయి.